ఇంటికి ఒక్కటే కారు ఉన్నచోట విద్యుత్ కారు ఎందుకు ఆలస్యమైంది

మిర్యాలగూడలో సొంత ఇల్లు ఉండి, బడికోసం రోజూ హాలియా వైపు రానూపోనూ అరవై కిలోమీటర్లు తిరిగే ఒక ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్న ఇది. పెట్రోలు లీటరు 107 రూపాయలు దాటింది, రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ కార్లకు రోడ్డు పన్ను కూడా మాఫీ చేసింది, అయినా మన వైపు ఆ కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఎందుకు కనిపిస్తున్నాయి, వాటిలో బయటికి చెప్పని లోపమేదైనా ఉన్నదా, ఇప్పుడున్న పాత కారును అమ్మి ఒకటి కొనవచ్చునా అని ఆయన అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా విద్యుత్ పంపిణీలో ఇంజనీరుగా నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. నాలుగేళ్లుగా పూర్తి విద్యుత్ కారునే నడుపుతున్నాను. కాబట్టి ఈ విషయాన్ని తీగకు అటు చివరి నుంచీ ఇటు చివరి నుంచీ చూసిన అనుభవంతో సమాధానం చెబుతాను.

ముందుగా చెప్పవలసిన మాట, కారులో దాచిపెట్టిన లోపమేమీ లేదు. రోజువారీ తిరుగుడుకు అంత సుఖమైన బండిని నేను ఇంతకు ముందు నడపలేదు. చిక్కు ఎక్కడున్నదంటే, మన జిల్లాల్లో కారు ఉన్న ఇంట్లో సాధారణంగా ఒక్కటే కారు ఉంటుంది. ఆ ఒక్క కారే బడికి వెళ్లాలి, పెద్దవాళ్లకు అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే హైదరాబాదు ఆసుపత్రికి వెళ్లాలి, కార్తీకమాసంలో శ్రీశైలం, సెలవుల్లో తిరుపతి, మేనకోడలి పెళ్లికి విజయవాడ వెళ్లాలి. ఏడాదిలో మూడు వందల యాభై రోజుల అవసరాన్ని విద్యుత్ కారు పెట్రోలు కారుకంటే బాగా తీరుస్తుంది. మిగిలిన పది పదిహేను రోజులను మాత్రం ముందే లెక్కలు వేసుకుంటే తప్ప తీర్చలేదు. లక్షలు పోసి కొనేటప్పుడు మనిషి ఆ పది పదిహేను రోజులనే తలచుకుంటాడు. అది అవివేకమని నేను అనను.

అందరూ మొదట చెప్పే కారణం ధర కనుక దానిని ముందే చూద్దాం. కుటుంబమంతా కూర్చుని ఊరు దాటి వెళ్లగలిగిన విద్యుత్ కారు మన దేశంలో సామాన్యుడి చూపు మేరకు రావడమే ఆలస్యంగా జరిగింది. బెంగళూరులో తయారైన రేవా 2001లోనే వచ్చినా, సీసం బ్యాటరీలతో ఎనభై కిలోమీటర్లు పోయే ఆ చిన్న బండి నగరంలో ఇద్దరు తిరగడానికే సరిపోయేది. ఆ సంస్థను 2010లో కొన్న మహీంద్రా 2013లో ఈ2ఓ అనే కారు తెచ్చింది. దాని పేరు మన వైపు చాలామందికి తెలియనే తెలియదు. 2019లో హ్యుందాయ్ కోనా వచ్చింది గానీ దాని ధర పాతిక లక్షల దగ్గర ఉండేది. 2020 జనవరిలో పద్నాలుగు లక్షల దగ్గర ధరతో టాటా నెక్సాన్ విద్యుత్ రూపంలో వచ్చినప్పుడే మధ్యతరగతి ఇంట్లో ఈ మాట మొదలైంది. అంటే ఆలస్యమైందని మనం అంటున్న ఈ కథ వయసు నిజానికి ఐదారేళ్లే. ఈలోగా కేంద్రం 2019 ఏప్రిల్‌లో ప్రారంభించి 2024 మార్చి 31న ముగించిన 10,000 కోట్ల రూపాయల ‘ఫేమ్’ అనే విద్యుత్ వాహనాల ప్రోత్సాహక పథకం రెండో దశలో స్కూటర్లకు, ఆటోలకు, బస్సులకు, కిరాయికి తిరిగే కార్లకు రాయితీ దక్కింది. సొంతానికి కొనుక్కునే కారుకు దక్కలేదు. విద్యుత్ వాహనం కోసం తీసుకున్న అప్పు వడ్డీ మీద లక్షన్నర వరకు ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపు కూడా 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులతోనే ఆగిపోయింది.

ఇప్పటి లెక్క వేరు. విద్యుత్ కార్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. 2020 నాటి విద్యుత్ వాహనాల విధానంలో తెలంగాణ రాష్ట్రం మొదటి 5,000 కార్లకే పరిమితం చేసిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ మాఫీని 2024 నవంబరులో ఆ పరిమితి తీసివేసి 2026 డిసెంబరు ఆఖరు వరకు పొడిగించారు. పది లక్షలకు, ఇరవై లక్షలకు మధ్య ధర ఉన్న పెట్రోలు కారుకు మన రాష్ట్రంలో నూటికి పదిహేడు, పద్దెనిమిది రూపాయల జీవితకాల పన్ను కట్టాలి. పన్నెండు లక్షల కారుకు అదే రెండు లక్షల పైచిలుకు అవుతుంది. ఆ రెండు లక్షలు మిగిలేసరికి రెండు రకాల కార్ల మధ్య తేడా బాగా తగ్గింది, అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించడంతో అందులో కొంత మళ్లీ పెరిగింది.

ప్రశ్న అడిగినవారి తిరుగుడునే తీసుకుందాం. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు అనుకుంటే, యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల చొప్పున, చార్జింగులో పోయే పదో వంతునూ కలుపుకుని నెలకు 240 యూనిట్ల దాకా కాలుతుంది. ఇంటి వాడకం మీద ఇది అదనం కనుక పై శ్లాబులో పడి యూనిట్ తొమ్మిది, తొమ్మిదిన్నర రూపాయలు పడినా 2,300 రూపాయలకు మించదు. లీటరుకు పదహారు కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు అదే దూరం పది వేల రూపాయల పని. నెలకు ఏడు వేలకు పైగా మిగులుతున్నదంటే ధరలోని తేడా మూడు నాలుగేళ్లలో తీరిపోతుంది. అదే నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు తిప్పి, మిగిలిన రోజులు కవరు కప్పి ఉంచే ఇంటికి ఈ లెక్క కుదరదు, మన పట్టణాల్లో ఎక్కువ కార్లు ఆ కోవలోవే. అయినా ధర ఒక్కటే అడ్డయితే, రోజుకు అరవై కిలోమీటర్లు తిరిగే ఉపాధ్యాయులు, మెడికల్ రిప్రజెంటేటివులు, మిల్లుల వాళ్లు ఈపాటికి బారులు తీరి కొనేవారు. వాళ్లూ ఆగుతున్నారంటే కారణం ఇంకొకటి ఉన్నది.

ఆ కారణానికి మూలం బ్యాటరీ బరువులో ఉన్నది. లీటరు పెట్రోలులో తొమ్మిది యూనిట్ల దాకా శక్తి ఉంటుంది, కాబట్టి నలభై లీటర్ల ట్యాంకులో మూడు వందల అరవై యూనిట్లు ఉన్నట్టు. ఇంజను అందులో మూడు వంతులు వేడిగా పారబోసినా తొంభై యూనిట్లు చక్రాలకు చేరుతాయి. ముప్పై యూనిట్ల లిథియం బ్యాటరీ రెండు మూడు వందల కిలోలు తూగుతుంది. మోటారు పొదుపరి కాబట్టే ఆ ముప్పైతోనూ మనం గౌరవంగా తిరగగలుగుతున్నాము. తొలి నెక్సాన్‌కు 30.2 యూనిట్ల బ్యాటరీ ఇచ్చి 312 కిలోమీటర్లని ప్రకటించారు, కానీ రోడ్డు మీద అది రెండు వందల చుట్టుపక్కల ఇచ్చేది. ఇందులో మోసం లేదు. ప్రయోగశాలలో తక్కువ వేగాలతో, ఏసీ వేయకుండా చేసిన పరీక్ష అంకె అది. నార్కట్‌పల్లి దాటాక జాతీయ రహదారి మీద వందలో నడిపితే గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. అరవైలో ఉన్నదానికి దాదాపు మూడింతలవుతుంది. పెట్రోలు కారుకూ ఈ గాలే తగులుతుంది, కాకపోతే దాని డ్రైవరుకు ఆ నష్టం బంకులో తెలుస్తుంది, మన డ్రైవరుకు అద్దం వెనుక తెర మీద ప్రతి నిమిషం తెలుస్తుంది.

ఒక కార్తీకమాసంలో మేము నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం బయలుదేరాము. మధ్యలో ఒక ఊళ్లో ఫాస్ట్ చార్జరు ఉన్నదని ఫోను చూపింది. తీరా వెళితే దానికి వారం రోజులుగా కరెంటే లేదు. తెలిసినవారి మిల్లులో పదిహేను ఆంపియర్ల సాకెట్‌కు తగిలించి మూడు గంటలు కూర్చున్నాము. ఆ సాకెట్‌తో గంటకు మూడు యూనిట్లు, అంటే ఇరవై కిలోమీటర్లే ఎక్కుతాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఆ దారిని రాత్రి తొమ్మిది గంటలకు మూసి ఉదయం ఆరు గంటలకు తెరుస్తారు. మేము మన్ననూరు తనిఖీ కేంద్రానికి చేరేసరికి తొమ్మిదీ పది. పది నిమిషాల తేడాతో ఆ రాత్రంతా గేటు ఇవతలే గడిపాము. మరునాడు దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగేటప్పుడు మోటారు జనరేటరులా తిరిగి బ్యాటరీలోకి రెండు మూడు శాతం వెనక్కి ఇచ్చింది గానీ, ఆ ముచ్చటను ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. పెట్రోలు కారుతో ఇంతకంటే పెద్ద పొరపాట్లు ఎన్నో చేసి ఉంటాను. ఐదు నిమిషాల్లో నింపే బంకు వాటిని ఎప్పటికప్పుడు మాఫీ చేసేది.

రహదారి మీద చార్జర్లు ఇప్పుడు లేవని కాదు. హైదరాబాదు నుంచి విజయవాడ దారిలోనూ, బెంగళూరు దారిలోనూ భోజన హోటళ్ల దగ్గర చాలా వచ్చాయి. 2018లో కేంద్ర విద్యుత్ శాఖ చార్జింగు స్టేషనుకు లైసెన్సు అక్కరలేదని స్పష్టం చేసి, నగరాల్లో మూడు కిలోమీటర్ల చదరానికి ఒకటి, రహదారుల మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒకటి ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. వాటి సంఖ్య కంటే రద్దీ రోజున అవి తట్టుకుంటాయా అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. సంక్రాంతికి ముందు రెండు రోజులు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు వద్ద కార్లు ఎంత దూరం నిలిచిపోతాయో మీరు చూసే ఉంటారు. బంకులో ఒక గొట్టం గంటకు పన్నెండు కార్లను పంపిస్తుంది. అరవై కిలోవాట్ల చార్జరు గంటకు ఒక్క కారును, పొరపాటున బ్యాటరీ చిన్నదైతే ఒకటిన్నర కారును పంపిస్తుంది. ఇంటి దగ్గర రాత్రి నింపుకునే వీలుంది కనుక మామూలు రోజుల్లో ఇన్ని చార్జర్లు అవసరమే పడవు, పండుగ రోజున మాత్రం ఎన్ని ఉన్నా చాలవు. ఏడాదికి నాలుగు రోజుల రద్దీ కోసం ఎవరు పెట్టుబడి పెడతారు?

పెట్టేవాడి బాధ నేను దగ్గరగా చూశాను. అరవై కిలోవాట్ల యంత్రం పెట్టాలంటే దాదాపు ఒక చిన్న ఊరికి సరిపోయే ట్రాన్స్‌ఫార్మరు దానికొక్కదానికే కావాలి. ట్రాన్స్‌ఫార్మరు, లైను, యంత్రం ఖర్చులన్నీ ముందే పెట్టి, రోజుకు నాలుగు కార్లు వస్తే ఆ పెట్టుబడి ఏనాటికి తిరిగివస్తుంది? అందుకే బయట యూనిట్ ఇరవై రూపాయల చుట్టుపక్కల పడుతుంది. పైగా ఇంటి కరెంటు మీద లేని జీఎస్టీ బయటి చార్జింగు మీద 18 శాతం ఉన్నది. కార్లు లేవని చార్జర్లు రావు, చార్జర్లు లేవని కార్లు కొనరు. చెట్టు ముందా విత్తు ముందా అన్న తగవు ఇది, అందులోనూ ఒకసారి పెట్టిన యంత్రం చెడిపోతే బాగుచేసే మనిషి హైదరాబాదు నుంచి రావలసి ఉండటం మన జిల్లాల ప్రత్యేక కష్టం.

పత్రికల్లో ఎవరూ పెద్దగా రాయని కారణం ఇంకొకటి ఉన్నది, అది నా వృత్తికి సంబంధించినది కనుక కొంచెం నిదానంగా చెబుతాను. విద్యుత్ కారు అంటే ఇంట్లో కారుకు నీడ పట్టున జాగా, ఆ జాగాలో మంచి కరెంటు ఉన్నాయని ముందే అనుకుని తయారుచేసిన వస్తువు. పాత పట్టణాల గల్లీల్లో కారు వీధిలో ఆగుతుంది, ఇల్లు పది అడుగుల అవతల ఉంటుంది, కిరాయి ఇంట్లో మీటరు ఇంటి యజమాని పేరున ఉంటుంది. సొంత ఇల్లయినా, మనవైపు పాత ఇళ్లకు మంజూరైన లోడు ఒకటి రెండు కిలోవాట్లే. కారు మామూలు సాకెట్ మీదే మూడు కిలోవాట్లకు పైగా లాగుతుంది. గోడకు బిగించే పెద్ద చార్జరు ఏడు కిలోవాట్లు లాగుతుంది, అప్పుడు సాధారణంగా త్రీఫేజు కనెక్షనుకు మారవలసి వస్తుంది. ఊళ్లలోనైతే యాసంగిలో బోరు మోటార్లన్నీ ఆటో స్టార్టర్ల మీద ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు లైను చివరి ఇళ్లలో వోల్టేజీ 180, 190కి పడిపోవడం నేను ఎన్నో ఏళ్లు కొలిచి చూశాను. చార్జరు ఆ వోల్టేజీకి మందగిస్తుంది, ఇంకా తగ్గితే ఆగిపోతుంది. రాత్రి తగిలించి పడుకున్నవాడు తెల్లవారి చూసుకుంటే నలభై శాతం దగ్గరే ఉంటుంది.

అంతకంటే ఎక్కువమందిని ఏడిపించేది ఎర్తింగు. ఫ్రిజ్, టీవీ ఎర్తింగు లేకపోయినా నోరు మూసుకుని పనిచేస్తాయి. కారు చార్జరు అలా కాదు. ప్రతిసారీ ముందు ఎర్త్ ఉన్నదా లేదా చూసుకుని, సరిగా లేకపోతే ఎర్రదీపం వెలిగించి కూర్చుంటుంది. ప్రాణాలు కాపాడటానికే అలా తయారుచేశారు. కానీ మన చెలక నేలల్లో, బండ మీద కట్టిన ఇళ్లలో, ఎప్పుడో ఒక ఇనుప పైపు రెండడుగులు దిగ్గొట్టి ఎర్తింగు అనిపించినచోట, మార్చి వచ్చేసరికి మట్టిలో తడి ఆరిపోయి అది పేరుకే మిగులుతుంది. కొత్త కారు చెడిపోయిందని షోరూముకు ఫోనుచేసి, మనిషిని పిలిపించి, రెండు వేలు ఇచ్చుకుని, చివరికి గోడ పక్క గుంతలో రెండు బిందెల నీళ్లు పోస్తే దీపం పచ్చగా మారిన ఇళ్లు నేనే నాలుగు చూశాను. అలాంటి ఇంటి పొరుగువాడు మాత్రం కరెంటు కారు వారంలోనే మొరాయించిందని ఊరంతా చెబుతాడు, పది ప్రకటనలు కూడా ఆ మాటను చెరపలేవు.

మిగిలిన భయాలను గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. 2022 వేసవిలో స్కూటర్లు తగలబడిన వార్తలు కార్లకు కూడా చెడ్డపేరు తెచ్చాయి, ఆ తరువాత బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేశారు. మన ఎండల్లో బ్యాటరీ త్వరగా చస్తుందా అంటే, ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉన్న కార్లు నలభై ఐదు డిగ్రీలను బాగానే తట్టుకుంటున్నాయి, మండుటెండలో నిలిపి వెంటనే ఫాస్ట్ చార్జరుకు తగిలించే అలవాటు మాత్రం మంచిది కాదు. సాధారణంగా ఎనిమిదేళ్ల, లక్షా అరవై వేల కిలోమీటర్ల పూచీ ఇస్తున్నారు. పాత కారు అమ్మకం మాత్రం నిజమైన చిక్కే. పెట్రోలు ఇంజను శబ్దం విని ధర కట్టే మన మేస్త్రీకి బ్యాటరీలో ఎంత ప్రాణం మిగిలిందో తెలుసుకునే సాధనం లేదు, తెలియనిదానికి ఎవరైనా తక్కువే కడతారు.

ఇదంతా చదివి విద్యుత్ బండి మన నేలకు పనికిరాదని అనుకోకండి. ఇంట్లో రెండో బండిగా ఉండే స్కూటరు, ఊరు దాటి వెళ్లనవసరం లేని ఆటో మన పట్టణాల్లో ఎంత త్వరగా కరెంటుకు మారుతున్నాయో చూడండి. మన ఆర్టీసీ 2023 మేలో హైదరాబాదు, విజయవాడల మధ్య విద్యుత్ బస్సులు వేయగలిగింది, ఎందుకంటే బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎంత దూరం పోతుందో ముందే రాసిపెట్టి ఉంటుంది. 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి ఎనభై తొమ్మిదికి దగ్గరగా విద్యుత్‌వే అయిన నార్వేలో కూడా తొలి రోజుల్లో అవి ఎక్కువగా రెండు కార్లున్న ఇళ్లకే వెళ్లాయి, అదీ ప్రభుత్వం పెట్రోలు కార్ల మీద బరువైన పన్నులు వేసి వీటికి ఏళ్ల తరబడి ఆ పన్నులు లేకుండా చేసిన తరువాత. మన దేశంలో ఆ ఏడాది ఈ వాటా నూటికి రెండు మూడు మాత్రమే. బ్యాటరీ ధర దిగుతున్నకొద్దీ పెద్ద బ్యాటరీల కార్లు అందుబాటులోకి వస్తాయి. 2010లో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్లకు పైగా ఉన్న సగటు ధర 2024లో 115 డాలర్లకు దిగింది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 9,500 కోట్ల పెట్టుబడితో అమరరాజా సంస్థ తలపెట్టిన లిథియం సెల్ కర్మాగారానికి 2023 మేలో పునాదిరాయి పడింది. కారులో మూడో వంతు ఖరీదు చేసే ఆ వస్తువు బయటి దేశం నుంచి రావడం తగ్గితే ధరలో తేడా వస్తుందని నా ఆశ.

ఇక మీ సంగతి. సొంత ఇల్లు, నెలకు పదిహేను వందల కిలోమీటర్ల తిరుగుడు ఉన్నాయి కనుక మీకు ఈ కారు నప్పుతుంది, మూడు వందల కిలోమీటర్లు నిజంగా ఇచ్చే నలభై యూనిట్ల పైబడిన బ్యాటరీ తీసుకుంటే చార్జరు ముఖం చూడకుండా హైదరాబాదు చేరవచ్చు, తిరుగు ప్రయాణానికి మాత్రం అక్కడ కొంచెం నింపుకోవడం మేలు. పాత కారుకు ఇప్పుడు పెద్ద ధర రాదు కాబట్టి, ఇంటి ముందు జాగా ఉంటే రెండేళ్లపాటు దానిని అమ్మకుండా ఉంచుకోండి. తిరుపతికి దానిలో వెళ్లండి. షోరూములో అడ్వాన్సు కట్టకముందే ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, కారు నిలిపేచోట సాకెట్‌లో ఫేజుకు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించండి. రాత్రి పదింటికి ఒకసారి, మోటార్లు నడిచే వేళ ఒకసారి కొలవాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించి చూపిస్తే ముందు బొగ్గు, ఉప్పు వేసి లోతుగా ఎర్త్ గుంత తవ్వించి, మీటరు లోడు పెంచమని దరఖాస్తు ఇచ్చి, ఆ తరువాతే కారు రంగు ఎంచుకోండి.